పొయ్యిలో పిల్లి లేచే దారి: మొండ్రగాన్ గురువుగారి బడి

స్పెయిన్ దేశానికి ఉత్తరాన బాస్కు ప్రజల కొండప్రాంతం ఉంది. అక్కడ మర్కీనా దగ్గర ఒక రైతు కుటుంబంలో 1915 ఏప్రిల్ 22న హోసె మరియా అరిస్మెండిఅర్రియెట జన్మించారు. ఇంటిపేరు పలకడం మనకు కష్టమే, కనుక హోసె మరియా గారు అనుకుందాం. మూడేళ్ల వయసులో ప్రమాదం వల్ల ఒక కన్ను పోయింది. ఇంటికి పెద్ద కొడుకైనా పొలం విడిచి పన్నెండో యేట గురువిద్యాలయంలో చేరారు. 1936లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు కన్ను కారణంగా యుద్ధరంగానికి పంపలేదు, పత్రికలో పనికి పెట్టారు. తమ పక్షం ఓడిపోయాక చెరసాల పాలై, ప్రాణాలతో బయటపడ్డారు.

గురుపట్టం పొందాక బెల్జియం వెళ్లి సామాజిక శాస్త్రం చదవాలని ఆశించారు. మేత్రాణులు ఒప్పుకోక, 1941 ఫిబ్రవరిలో మొండ్రగాన్ విచారణకు సహాయక గురువుగా పంపారు. ఆ నిరాకరణ వల్ల మేలే జరిగిందని నా అభిప్రాయం.

మొండ్రగాన్‌లో తాళాలు, ఇనుప సామాను చేసే పెద్ద కంపెనీ ఒకటి ఉండేది. దాని అప్రెంటిస్ బడిలో కొద్దిమందికే చోటు. మిగతా పిల్లలనూ చేర్చుకోమని గురువుగారు అడిగితే యాజమాన్యం కాదంది. ఆయన కోపగించుకోలేదు. వీధి మూలల్లో పెట్టెలు పెట్టించి, కొత్త బడికి డబ్బో శ్రమో ఇవ్వగలవారు పేర్లు రాసి వేయమన్నారు. సుమారు 600 మంది వేశారు. 1943 అక్టోబరులో 20 మంది పిల్లలతో, మన ఐ.టి.ఐ. వంటి బడి మొదలైంది. అందులోని 11 మంది సరగోసా విశ్వవిద్యాలయానికి ప్రైవేటుగా పరీక్షలు రాసి 1952లో ఇంజనీరింగు పట్టాలు పొందారు. వారిలో ఐదుగురు 1956లో ఉల్గోర్ అనే సహకార కర్మాగారం స్థాపించి కిరోసిను స్టవ్వులు చేశారు. తరువాత 1959లో సహకార బ్యాంకు వచ్చింది.

ఇంతవరకు చాలామంది రాశారు. నాకు ముఖ్యమనిపించేది 1966 నాటి సంగతి.

బడి పెద్దదైంది, చదువు ఏళ్ల తరబడి సాగుతోంది. పేద ఇంటి అబ్బాయి అన్నేళ్లు జీతం లేకుండా ఎలా ఉండగలడు? ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవనప్పుడు మొదట ఆగేది పిల్లవాడి చదువేనని తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. ఉపకార వేతనాలు అందరికీ చాలవు. అందుకని గురువుగారు విద్యార్థులే సభ్యులుగా ఒక కర్మాగారం పెట్టించారు. దాని పేరు అలెకాప్. రోజులో సగం పని, సగం చదువు. ఉదయం తరగతిలో ఉన్నవారు మధ్యాహ్నం యంత్రాల దగ్గరకు వస్తారు, అటువారు ఇటు వెళతారు. కూలి డబ్బుతో ఫీజూ, ఖర్చులూ గడిచాయి.

విద్యార్థులు నడిపే వ్యాపారాలు తరచు రెండు మూడేళ్లలో మూతపడతాయి. పని నేర్చినవాడు పాసై వెళ్లిపోతాడు, కొత్తవాడికి చేతులు తిరగవు. మాస్టారు బదిలీ అయితే తాళమే. అలెకాప్ దీన్ని ముందే ఆలోచించుకుంది. విద్యార్థులతో పాటు కదలని స్థిర సిబ్బంది కొందరున్నారు, వారూ సభ్యులే. సరుకు కొనడానికి చుట్టుపక్కల సహకార కర్మాగారాలున్నాయి. చేసేది ప్రదర్శనకు పెట్టే నమూనా కాదు, వారికి నిజంగా కావలసిన విద్యుత్ సామాను. నాణ్యత తప్పితే తిరిగి వస్తుంది! అన్నిటికన్నా ముఖ్యంగా, సభలో విద్యార్థికి ఓటుంది. లెక్కలు అడగవచ్చు, నష్టం వస్తే ఎందుకని విచారించవచ్చు. జీతగాడిగా ఉంటే ఇది నేర్చుకోలేడు.

ఆర్డర్లు పెరిగినప్పుడు చదువు నలిగే ప్రమాదం ఇటువంటి చోట ఎప్పుడూ ఉంటుంది. సగం రోజు అన్న గీత అందుకే అవసరం. క్రమేణా అలెకాప్ సాంకేతిక బడులకు కావలసిన బోధనా పరికరాలు కూడా తయారు చేసింది. ఒక బడి పిల్లల చేతిపని మరో బడి పిల్లలకు పాఠమైంది.

సహకార సంస్థలన్నీ నిలిచాయని చెప్పడం సత్యం కాదు. ఉల్గోర్ వారసురాలైన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ 2013లో దివాలా తీసింది. బడి మాత్రం పెరిగి, 1997లో ఏర్పడిన మొండ్రగాన్ విశ్వవిద్యాలయంలో భాగమైంది.

హోసె మరియా గారు ఆ కర్మాగారాల్లో దేనికీ యజమాని కాలేదు. సలహాదారుగానే ఉండి, బడిలో పాఠాలు చెబుతూ, సైకిలు మీద ఊరంతా తిరిగారు. 1976 నవంబరు 29న మొండ్రగాన్‌లోనే కన్నుమూశారు. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను పూజనీయులుగా ప్రకటించారు.