ఈ నెల మహనీయుడు: లారీ బేకర్ – గాలినీ వాననూ చూసి ఇల్లు కట్టిన ఆర్కిటెక్ట్



పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే ఆర్కిటెక్ట్ అవుతానని చెప్పే పిల్లలు మన బడిలోనూ ఉన్నారు. వాళ్లకు మీరు తప్పకుండా చెప్పవలసిన జీవితం ఒకటుంది. చేతిలో డిగ్రీ ఉండి కూడా, బడి మొహం చూడని మేస్త్రీల దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దుకున్న మనిషి జీవితం అది.

లారీ బేకర్ 1917 మార్చి 2న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. అక్కడే ఆర్కిటెక్చర్ చదివారు. వృత్తిలో కుదురుకోకముందే రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. యుద్ధం తప్పని నమ్మే క్వేకర్ మార్గాన్ని అనుసరించిన ఆయన తుపాకీ పట్టలేదు. అంబులెన్స్ దళంలో చేరి చైనా వెళ్లి, అక్కడ కుష్ఠురోగులకు సేవ చేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. బేకర్ పాత గుడ్డపీలికలతో కుట్టుకున్న బూట్లు గాంధీజీ దృష్టిలో పడ్డాయి. చుట్టూ ఐదు మైళ్లలో దొరికే సామగ్రితోనే ఇల్లు కట్టుకోవాలన్న గాంధీజీ ఆలోచన బేకర్ మనసులో నాటుకుపోయింది.

1945లో ఆయన మళ్లీ మన దేశానికి వచ్చారు. కుష్ఠురోగుల కోసం ఆసుపత్రులు కట్టే పనిలో చేరారు. అదే సేవలో హైదరాబాదులో పనిచేసిన కేరళ వైద్యురాలు డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ను 1948లో పెళ్లి చేసుకున్నారు. దంపతులిద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో స్థిరపడి, ఆసుపత్రి నడుపుతూ పదిహేనేళ్లు గడిపారు.

బేకర్ చదువుకు అసలు పరీక్ష అక్కడే ఎదురైంది. మట్టి గోడ, పేడ అలుకు, చెదలు, కుండపోత వాన – వీటి గురించి ఆయన చదివిన పుస్తకాల్లో ఏమీ లేదు. ఊరి వాళ్లకు మాత్రం అన్నీ తెలుసు. ఏ రాయి ఎక్కడ పెట్టాలో, తలుపు ఏ దిక్కుకు తీయాలో తరతరాల అనుభవం వాళ్లకు నేర్పింది. వాళ్లకు పాఠం చెప్పడం మాని, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టారు బేకర్.

1963లో ఆ కుటుంబం కేరళలోని వాగమన్‌కు చేరింది. అది పశ్చిమ కనుమల్లో అడవులు, గడ్డికొండల నడుమ ఉన్న ప్రాంతం. అక్కడ సమస్య వేరు. కేరళలో ఏడాదికి సగటున 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గాలిలో ఎప్పుడూ తేమే. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే జల్లు. వాన లోపలికి రాకూడదు, గాలి మాత్రం ఆగకూడదు.

దీనికి జవాబు పాత కేరళ ఇళ్లలోనే ఆయనకు దొరికింది. వాలుగా ఉన్న పెంకుల కప్పు నీటిని నిలవనివ్వదు. బాగా ముందుకు వచ్చిన చూరు గోడను ఎండ నుంచీ వాన నుంచీ కాపాడుతుంది. పైకి లేచే వేడిగాలి కప్పు కింద వదిలిన సందుల్లోంచి బయటికి పోతుంది. వీటికి తన లెక్కలు జోడించారు బేకర్. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టిన జాలీ గోడ గాలినీ మెత్తని వెలుతురునూ లోపలికి రానిస్తుంది. ఇటుకలను అంచు మీద నిలబెట్టి లోపల ఖాళీ వచ్చేలా కడితే నాలుగో వంతు ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. శ్లాబు అడుగు భాగంలో బరువు మోయని చోట్ల పాత మంగుళూరు పెంకులు పెడితే సిమెంటూ ఆదా, చల్లదనమూ దక్కుతుంది.

1970 ప్రాంతంలో తిరువనంతపురంలో రాళ్లు నిండిన ఒక ఏటవాలు గుట్ట మీద ఆయన తన సొంత ఇల్లు మొదలుపెట్టారు. గుట్టను చదును చేయలేదు. వాలును బట్టే మెట్లు మెట్లుగా, అవసరమైనప్పుడల్లా ఒక్కో గది కలుపుకుంటూ పోయారు. అదే నగరంలో ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ స్థాపించిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలనూ ఇలాగే నిర్మించారు. చెట్టు అడ్డొస్తే కొట్టలేదు, గోడనే వంచారు.

ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ పేదరికానికి గుర్తని అనుకునే వాళ్లకు ఈ ఇళ్లు ముందు నచ్చలేదు. వాటిలో నివసించిన వారే నెమ్మదిగా ఆ అభిప్రాయాన్ని మార్చారు. బేకర్ భారత పౌరసత్వం తీసుకున్నారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు. 2007 ఏప్రిల్ 1న, తొంభై ఏళ్ల వయసులో, తిరువనంతపురంలోనే కన్నుమూశారు.

ఇక్కడ ఒక్క విషయం పిల్లలకు స్పష్టంగా చెప్పండి. బేకర్ ఇంటిని ఉన్నదున్నట్టు తెచ్చి మన ఊళ్లో పెడితే అది పనికిరాదు. మే నెల వడగాలి ఆ జాలీ గోడల్లోంచి నేరుగా ఇంట్లోకి దూరుతుంది. రాయలసీమలో మందపాటి గోడల మిద్దెలు, కోస్తాలో మండువా లోగిళ్లు ఊరికే పుట్టలేదు. ఏ ఊరి ఎండకు ఆ ఊరి జవాబు ఉంటుంది. బేకర్ గోడలను కాదు, ఆయన చూపును మన పిల్లలు నేర్చుకోవాలి.

ఈసారి సెలవులకు అమ్మమ్మగారి ఊరో నాయనమ్మగారి ఊరో వెళ్లినప్పుడు పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వండి. పాత ఇంట్లో మధ్యాహ్నం ఏ గది చల్లగా ఉంది, గాలి ఎటు నుంచి వస్తోంది, వాన నీరు ఎటు పోతుంది – చూసి బొమ్మ గీయమనండి. ఎందుకలా కట్టారో తాతయ్యనో, ఊళ్లోని తాపీమేస్త్రీనో అడగమనండి. ఆ పాఠానికి మార్కులుండవు. బేకర్ మాత్రం తన చదువును అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టారు.