కావలి వెంకట బొర్రయ్య

నియమగిరి కొండల దగ్గరున్న బిస్సమ్ కటక్ నేడు ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఉంది. 1992 వరకు అది కోరాపుట్ జిల్లాలోను, 1936కు పూర్వం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలోను ఉండేది. ఈ కొండసీమకూ, గోదావరికి దక్షిణాన ఉన్న ఏలూరుకూ ఆ రోజుల్లో ప్రభుత్వం ఒకటే. ఉత్తర సర్కారులనే ఈ ప్రాంతంలో చాలా భాగం 1765-66లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. దేశం చేతికి వచ్చిందే గాని, అది ఎలా ఉంటుందో కంపెనీ వారికి తెలియదు. ఏ కొండకు ఆవల ఏ ఊరుందో, ఏ నదిని ఎక్కడ కాలినడకన దాటవచ్చో, ఏ జమీందారు ఎవరికి కప్పం కడుతున్నాడో చెప్పగలవారు స్థానికులే. అలా చెప్పగలిగిన తెలుగువారిలో అగ్రగణ్యుడు కావలి వెంకట బొర్రయ్య.

బొర్రయ్య 1776లో ఏలూరులో జన్మించాడు. లక్ష్మయ్య, రామస్వామి ఆయన తమ్ముళ్లు. సంస్కృతాంధ్రాలతో పాటు ఇంగ్లీషు కూడా నేర్చిన బొర్రయ్య, 1796 ప్రాంతంలో, ఇరవయ్యేళ్ల వయసున, కాలిన్ మెకంజీ అనే సైనికాధికారి వద్ద దుబాసీగా చేరాడు. స్కాట్లండుకు పడమరనున్న లూయిస్ దీవిలో పుట్టిన మెకంజీ 1783లో భారతదేశానికి వచ్చాడు. ఆయన సైన్యంలో ఇంజనీరు. కోటల బలం అంచనా వేయడం, దారులు కొలవడం, పటాలు గీయడం ఆయన పని. ఇక్కడి భాషలు ఆయనకు రావు. కొలతలు ఎంత సరిగ్గా తీసినా, ఎదుటివాడు చెప్పే మాట అర్థం కాకపోతే పటం సగమే అవుతుంది.

ఆ కాలంలో పటమంటే గోడకు వేలాడదీసే బొమ్మ కాదు, యుద్ధ సాధనం. ఫిరంగుల బళ్లు ఏ కనుమలో నడుస్తాయి? వేసవిలో ఏ చెరువులో నీరుంటుంది? పశువులకు మేత ఎక్కడ దొరుకుతుంది? ఏ పాళెగాడు ఎవరి పక్షం? ఇవి తెలియని సైన్యం ఎంత పెద్దదైనా గుడ్డిదే. వార్త తెచ్చేవాడిని మన పెద్దలు వేగువాడు అన్నారు. అయితే వార్త తేవడం ఒక పని, పది నోళ్ల నుంచి వచ్చిన పది వార్తలలో ఏది నిజమో తేల్చడం మరొక పని. ఈ రెండవ పని కోసం నేటి సైన్యాల్లో ప్రత్యేక శాఖలున్నాయి. మెకంజీకి ఆ పని చేసిపెట్టినవాడు బొర్రయ్య.

1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది. టిప్పు సుల్తాను యుద్ధంలో మరణించాడు. మైసూరు రాజ్యాన్ని కొలిచే భారం మెకంజీకి అప్పగించారు. 1800లో మొదలైన ఆ సర్వే దాదాపు పదేళ్లు సాగింది. కొండ మీద నుంచి కొండ మీదికి చూపు సారించి త్రిభుజాలుగా నేలను కొలిచేవారు ఒక వైపు. ఊరూరా తిరిగి దేవాలయాల చరిత్ర, రాజవంశాల క్రమం, పన్నుల పద్ధతి, కులాల ఆచారాలు అడిగి రాసుకునేవారు మరొక వైపు. ఈ రెండవ బృందానికి పెద్ద బొర్రయ్యే.

అడగడం సులభమేమీ కాదు. దొరల మనిషి వచ్చి మాన్యం వివరాలు అడిగితే, ఇక పన్ను వేస్తారనే భయం ఎవరికైనా కలుగుతుంది. నిన్నటి యుద్ధం ఇంకా కళ్ల ముందే ఉంది. కరణం తన కవిలె కట్టను చూపించాలన్నా, పూజారి రాగి రేకును బయటికి తీయాలన్నా ముందు నమ్మకం కుదరాలి. తుపాకి చూపి పటానికి కొలతలు తీయవచ్చు గాని, ఒక ముసలి పండితుడి చేత తన మతధర్మం చెప్పించలేము. మైసూరు సీమలో ఒక జైన పండితుడు బొర్రయ్యకు తమ మత విషయాలు వివరించాడు. వాటిని ఆయన ఇంగ్లీషులోకి మార్చాడు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆ వ్యాసాన్ని బొర్రయ్య పేరు పేర్కొంటూనే 1807లో ప్రచురించింది. జైనం గురించి యూరపు విద్వాంసులు తొలినాళ్లలో చదివిన రచనలలో అదొకటి.

విన్నదాన్ని సరిచూడటానికి ఈ బృందానికి గట్టి ఆధారం శాసనాలు. ప్రభవాది సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకొకసారి తిరిగి వస్తాయి. సిద్ధార్థి నామ సంవత్సరంలో గుడి కట్టారని ఒక కవిలెలో ఉంటే, అది 1799 కావచ్చు, 1739 కావచ్చు, 1679 కావచ్చు. రాతి మీద శక సంవత్సరం 1721 అని కూడా ఉంటే, దానికి 78 కలిపి 1799 అని తేల్చవచ్చు. భూమి కోసం పుట్టించిన దొంగ రాగి రేకులూ ఉంటాయి కనుక లిపి తీరు కూడా పరిశీలించాలి. పాత కన్నడ లిపిలోని ఒక శాసనాన్ని బొర్రయ్య చదివాడని తమ్ముడు రామస్వామి రాశాడు.

ఇంత పని చేసిన బొర్రయ్య 1803లో, 27 ఏళ్ల వయసులో మరణించాడు. సర్వే అప్పటికి ఇంకా సగం కూడా పూర్తి కాలేదు. భారతీయ విజ్ఞానపు గడప తాను దాటింది ఆ యువకుడి చెయ్యి పట్టుకొనే అన్న భావాన్ని మెకంజీ చాలా ఏళ్ల తరువాత, 1817లో, ఒక ఉత్తరంలో వెల్లడించాడు.

అన్న వదిలిన పనిని లక్ష్మయ్య చేపట్టాడు. 1821లో మెకంజీ మరణించేనాటికి పోగైన సంపద చిన్నది కాదు. 1828లో వెలువడిన జాబితాలో 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు లెక్క తేలాయి. ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు వీటికి అదనం. యుద్ధం కోసం మొదలైన సేకరణలో ఆ ఊళ్ల జ్ఞాపకాలన్నీ వచ్చి చేరాయి. ఎన్నో పల్లెల పాత చరిత్రకు నేడు ఆ కైఫీయతులే మొదటి ఆధారం. చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో వాటిలో అనేకం భద్రంగా ఉన్నాయి.

సేకరణను కొనసాగించడానికి తనకు అవకాశమిమ్మని లక్ష్మయ్య 1830లలో కోరాడు. ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. సమాచారం పోగుచేయడం భారతీయులకు చేతనవును గాని, దానిని విమర్శించి సిద్ధాంతం చేయడం చేతకాదని సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయపడ్డాడు. శాసనాల విషయంలో ప్రిన్సెప్ మహా పండితుడే. అయినా ఈ మాట న్యాయం కాదు. అన్నదమ్ములు అంతకు ముందు ముప్పయ్యేళ్లుగా చేసిన పని అదే మరి.

మెకంజీ చిత్రపటాన్ని థామస్ హికీ 1816లో గీశాడు. ఎర్ర కోటు ధరించిన మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు నిలబడి ఉంటారు. వారిలో ఒకరిని లక్ష్మయ్యగా గుర్తించారు. దూరాన కొండ మీద గోమఠేశ్వర విగ్రహం కనిపిస్తుంది. ఆ చిత్రంలో బొర్రయ్య లేడు. అది గీసేనాటికి ఆయన గతించి 13 ఏళ్లయింది.