మొదటి పరుగులే సిక్సర్

మా హాస్టల్ భద్రాచలం అడవి అంచున ఉంది. సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టేదాకా మాకు ఆటే లోకం. చెక్క బ్యాటు, మూడు కర్రలు ఉంటే చాలు. బ్యాటు పట్టే మనమందరం తప్పక తెలుసుకోవలసిన తెలుగువారు సి.కె. నాయుడు గారు.

ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ రోజుల్లో జట్లు మతాలవారీగా ఉండేవి. 1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై తొలి పెద్ద మ్యాచ్ ఆడారు. ఏడు వికెట్లు పడ్డాక దిగి, తొలి పరుగులే సిక్సర్‌తో తీశారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడింటిలోనూ దిట్ట.

ఆట చూసి మెచ్చిన హోల్కర్ మహారాజు 1923లో ఇండోర్‌కు పిలిచి సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. ఆ విధంగా ఆటే ఆయనకు జీవనాధారమైంది. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! భారత్ కూడా టెస్టులు ఆడగలదని అందరికీ నమ్మకం కలిగింది.

1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. కెప్టెన్సీ రాజుల హక్కుగా చలామణి అయిన కాలమది. కానీ జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన మన తొలి టెస్టుకు ఆయన తప్పుకోగా, జీతానికి పనిచేసే నాయుడు గారు నాయకత్వం వహించారు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశారు. మ్యాచ్ ఓడినా మన దేశానికి టెస్టు చరిత్ర మొదలైంది.

1967 నవంబరు 14న ఆయన కన్నుమూశారు. పుట్టుకతో రాని స్థానాన్ని ప్రతిభతో పొందవచ్చని ఆయన జీవితం మనకు చెబుతోంది. మిత్రులారా, ఆటలోనైనా చదువులోనైనా మనకు కావలసింది ఆ ధైర్యమే.