ఇసుకను జయించిన బాగ్నాల్డ్
రాల్ఫ్ బాగ్నాల్డ్ 1896లో ఇంగ్లండులో జన్మించారు. సైనిక ఇంజనీరుగా మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నారు. 1920లలో ఉద్యోగరీత్యా ఈజిప్టు చేరిన ఆయనను లిబియా ఎడారి ఆకర్షించింది. తోటి అధికారులతో కలిసి ఫోర్డు కార్లలో పటాలకెక్కని ప్రాంతాలకు సాగిపోయారు. అక్కడ బండి దిగబడితే ప్రాణాలకే ముప్పు.

అందుకే ఇసుకపై టైర్లలో గాలి తగ్గించేవారు. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరచుకొని, బరువును ఎక్కువ నేలపై మోపుతుంది, చక్రం కూరుకుపోదు. రాతినేల రాగానే మళ్లీ గాలి నింపాలి. లేకుంటే టైరు చీలిపోతుంది. అప్పటికీ దిగబడిన బండిని చక్రాల కింద ఉక్కు పట్టాలు పరచి వెలికితీసేవారు.

ఆ అనుభవంతోనే 1940లో బ్రిటిష్ సైన్యానికి ప్రత్యేక ఎడారి దళాన్ని నిర్మించారు. ఇసుక కదలికలపై 1941లో ఆయన వెలువరించిన గ్రంథం శాస్త్రజ్ఞులకు ప్రామాణికమైంది. 1990లో బాగ్నాల్డ్ కన్నుమూసినా, ఇసుకదారి పట్టిన డ్రైవర్లు నేటికీ ముందుగా టైర్ల గాలినే తగ్గిస్తారు.