కాటన్ దొరకు మిగిలిన బిరుదు

ఆత్రేయపురం పూతరేకు రుచి మనందరికీ తెలుసు. ఆ సీమ పొలాలకు నీరు మళ్లించిన వ్యక్తి ఒక సైనికుడన్న సంగతి మాత్రం మరచిపోతుంటాం. 1803 మే 15న ఇంగ్లండులో పుట్టిన ఆర్థర్ కాటన్ 1821లో సైనిక ఇంజనీరుగా మద్రాసు వచ్చారు. బర్మా యుద్ధంలో పనిచేశారు. కెప్టెన్, కల్నల్ హోదాలు దాటి జనరల్ అయ్యారు. 1861లో సర్ బిరుదూ అందుకున్నారు.

అయితే గోదావరి సీమలో ఆయన పోరాడింది ఆకలితో. 1833 కరువు, 1839 ఉప్పెన జనాన్ని కుంగదీశాయి. నదినిండా నీళ్లున్నా పొలాలు ఎండిపోయేవి. అందుకే 1847లో ఆనకట్ట పని మొదలైంది. మధ్యలో ఆరోగ్యం దెబ్బతిని సెలవుపై వెళ్లినా, కోలుకుని తిరిగొచ్చారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా 1852కల్లా ఆనకట్ట నిలిచింది. ఈ ర్యాలి ఆత్రేయపురం మండలంలోనిదే.

భక్తిగల క్రైస్తవుడైన కాటన్ 1899 జూలై 24న కన్నుమూశారు. ప్రభుత్వమిచ్చిన హోదాలు పుస్తకాల్లో ఉండిపోయాయి. రైతులిచ్చిన దొర అన్న పిలుపు మాత్రం నేటికీ వారి నోట బతికే ఉంది.

గొప్పవాడు కాగోరితే సేవకుడు కావాలని యేసుప్రభువు నేర్పారు. సంఘపెద్ద, కార్యదర్శి, అధ్యక్షుడు అంటూ మనమూ పేర్లకు హోదాలు తగిలించుకుంటాం. వాటికోసం తగాదా పడతాం కూడా. మనవల్ల ఎవరి పొలం తడిసిందో ఒక్కసారి ఆలోచిద్దాం.