లేరన్న మాటకు 354 పేర్లు

1998లో సైబర్ టవర్స్ రాకముందు ఇక్కడ రాళ్లగుట్టలు తప్ప ఏమీ లేవని మా ఆఫీసులో కుర్రాళ్లు అంటుంటారు. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం అప్పటికే ఊళ్లని, అక్కడ పొలాలు, చెరువులు, మనుషులు ఉండేవారని మన బడిలో చదివినవాళ్లకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తుకొస్తారు.

ఆయన 1896 మే 28న నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతంలో పుట్టారు. మద్రాసులో బి.ఏ. చదివారు, న్యాయశాస్త్రమూ పూర్తిచేశారు. హైదరాబాదుకు వచ్చి రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు. వకీలుగా హాయిగా బతకగలిగిన మనిషి పత్రిక పెట్టుకున్నారు. నిజాం రాజ్యంలో కచేరీల్లోనూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఉర్దూదే రాజ్యం. తెలుగులో రాసినవాళ్లకు అచ్చులో పేరు చూసుకునే చోటే అరుదు. అలాంటి రోజుల్లో, 1926 మే 10న, గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చేది. రాయడం, దిద్దడం, ప్రూఫులు చూడడం చాలావరకు ఆయన చేతిమీదుగానే నడిచేవి. వార్తలతోపాటు కవితలకూ, కథలకూ అందులో చోటుండేది. ఆయన స్వయంగా కథకులు కూడా.

ఇంతలో నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరంటూ ఒక పండితుడు రాశారు. ఆ మాట తెలంగాణలో చాలామందిని నొప్పించింది. ప్రతాపరెడ్డి గారు కోపంగా ఒక వ్యాసం రాసి ఊరుకోలేదు. కవిత్వం పంపమని జిల్లాజిల్లాకూ కబురు పెట్టారు. పల్లెల్లోంచి, గడీల్లోంచి, బడిపంతుళ్ల ఇళ్లలోంచి పద్యాలు వచ్చాయి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులున్నారు. అందరూ మహాకవులు కారు. అది ఆయనకూ తెలుసు. అయినా కొద్దిమందినే ఏరి వేసి ఉంటే లేరన్న మాటకు అది జవాబయ్యేది కాదు. నేడు ఆ కవుల్లో చాలామంది పేర్లు మనకు దొరుకుతున్నది ఆ సంచికవల్లనే.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షులు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర గ్రంథానికి 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి అందుకోవడానికి ఆయన లేరు. తెలుగు రచనకు ఆ పురస్కారం దక్కడం అదే మొదలు. ఇప్పుడు మన తెలుగు విశ్వవిద్యాలయం ఆయన పేరునే పెట్టుకుంది.

ఈ స్వర్ణోత్సవ సంచికకు రాయమంటే, రాసేంత గొప్పవాళ్లం కామని మా బ్యాచ్‌లో చాలామంది తప్పుకున్నారు. వాళ్లకు నేను చెప్పింది ఈ 354 మంది సంగతే. నాలుగు వాక్యాలైనా సరే, పంపండి. యాభై ఏళ్ల తర్వాత మన బడి గురించి కూడా ఎవరో ఒకరు ఇక్కడ ఏమీ లేదని అంటారు.