కాల్బంతి గురువు సయ్యద్ అబ్దుల్ రహీం

సాయంకాలం తరగతులు ముగిసిన పిదప మైదానపు గట్టున మన విద్యార్థులు గుంపులుగా కూర్చుని చేసే వాదోపవాదాలలో ఫుట్‌బాల్ ప్రసంగం తరచుగా వినవస్తుంది. మాంచెస్టరు ఎర్రచొక్కా గొప్పదా, మాడ్రిడ్ తెల్లచొక్కా గొప్పదా, బార్సిలోనా చారల చొక్కా గొప్పదా అని ఒకరితో ఒకరు పంతాలకు పోతారు. ఏ సంఘం ఏ ఏట ఏ కప్పు గెలిచిందో, ఎవరి మీద ఎవరికి తరతరాల పగ ఉన్నదో పాఠం అప్పగించినట్లు అప్పగిస్తారు. యువకుల ఉత్సాహాన్ని మేము తప్పుపట్టము. ఆటను ప్రేమించే వారికి జట్టు రంగు మీద మమకారం సహజం. కానీ మోతె నుండి బస్సెక్కితే ఒక్క పూటలో చేరుకోగల హైదరాబాదు నగరంలో ఒక బడిపంతులు జీవించారనీ, ఆయన తీర్చిదిద్దిన జట్టు ఆసియా ఖండాన్నే రెండు పర్యాయాలు జయించిందనీ ఆ వాదించేవారిలో ఎందరికి తెలుసు? ఆ పంతులే కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వారి జీవితాన్ని మన విద్యార్థుల ముందుంచడమే ఈ చిన్న వ్యాసం యొక్క ఉద్దేశం.

రహీం గారు 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులైనారు. విద్యార్థి దశలోనే విశ్వవిద్యాలయ జట్టులో ఆడి పేరు తెచ్చుకున్నారు. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలలలో పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలల క్రీడాభారాన్ని తమ భుజాలపై వేసుకున్నారు. దేశానికే శిక్షకులై ఎంత కీర్తి గడించినా వారు బడిని విడువలేదు. వారు మొదట ఉపాధ్యాయులు, ఆ తరువాతనే శిక్షకులు. వారి విజయరహస్యం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

ఎందుకనగా, పిల్లవానికి అక్షరాలు దిద్దించే ఓర్పుతోనే వారు ఆటగానికి బంతిని దిద్దించారు. మన దేశంలో ఆనాడు ఫుట్‌బాల్ అంటే బలంగా తన్నడం, లేదా ఒక్కడే బంతిని పట్టుకుని పదిమందిని తప్పించుకుంటూ పరుగెత్తడం. చూసేవారు చప్పట్లు కొట్టేదీ అందుకే. రహీం గారు ఈ రెంటినీ అంగీకరించలేదు. బంతి తనవద్దకు రాగానే దానిని ఒక్క తాకులో తోటివానికి అందించడం, అందించి ఖాళీ చోటికి కదలడం ఆటకు ప్రాణమని బోధించారు. ఈ బోధన మాటలతో ఆగలేదు. బంతితో ఒంటరి విన్యాసాలు చేయరాదనే నియమంతో కుర్రవాళ్ళకు పోటీలు పెట్టారు. కుడికాలివాటం గలవారు ఎడమకాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని పోటీలు నడిపారు. ఒంటికాలిపై ఆధారపడే ఆటగాడు సగం ఆటగాడే అని వారి నమ్మకం. బలహీనతను దాచుకోవద్దు, దానికే ఎక్కువ పని చెప్పండి అనే ఈ సూత్రం పరీక్షలకు చదువుకునే మన విద్యార్థులకు కూడా ఉపయోగించేదే కదా!

1950లో రహీం గారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. తొలుత సిటీ ఆఫ్ఘన్స్ అనే పేరుతో వెలసిన జట్టు ఇది. ఆ రోజులలో భారత ఫుట్‌బాల్‌కు రాజధాని కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ సంఘాలు అక్కడ మూడు కోటల వలె నిలిచి ఉండేవి. ఆకుపచ్చ, ముదురు ఎరుపు కలిసిన మోహన్ బగాన్ రంగు కోసం, ఎరుపు, బంగారు వన్నె కలిసిన ఈస్ట్ బెంగాల్ రంగు కోసం వంగదేశంలో ఇల్లిల్లూ చీలిపోయేది. అటువంటి మహాసంఘాల ఎదుట, నెలజీతానికి పనిచేసే పోలీసులతో కూడిన హైదరాబాదు జట్టు నిలువగలదని ఎవరు ఊహిస్తారు? కానీ ఆ ఏటి డ్యూరాండ్ కప్పు చివరి పోటీలో హైదరాబాదు జట్టు మోహన్ బగాన్‌ను ఎదుర్కొన్నది. మొదటి ఆట సమంగా ముగిసింది. తిరిగి జరిగిన ఆటలో విజయం హైదరాబాదును వరించింది. అదే సంవత్సరం బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా మనవారి పరమైంది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు ఆ కప్పు హైదరాబాదును విడిచిపోలేదు. 1952 డ్యూరాండ్ చివరి పోటీలో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడినా, 1954లో, 1957లో మళ్ళీ ఆ కప్పు గెలిచారు. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే కొత్త పేరుతో నాలుగవసారి అందుకున్నారు. 1956-57, 1957-58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాదుదే అయినది.

ఈ జట్టులోని నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్ వంటివారు భారతదేశపు చొక్కా తొడిగారు. తులసీదాస్ బలరాం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడ పేదకుటుంబంలో పుట్టిన బాలుడు. రహీం గారు ఆయన ఆటను చూసి సాధనకు రమ్మన్నారు. హైదరాబాదు వరకు వచ్చిపోయే స్తోమత ఆ కుర్రవానికి లేదని తెలిసి, సైకిలు అద్దెకు డబ్బు తామే ఇచ్చారు. ఆ అద్దె సైకిలుపై వచ్చిన బాలుడే రెండు ఒలింపిక్సులలో ఆడి దేశమంతా మెచ్చిన ఫార్వర్డు అయినాడు. మతమేది, భాషయేది, ఏ గల్లీవాడు అని రహీం గారు అడుగలేదు. ఉర్దూ, తెలుగు, తమిళం మాట్లాడేవారు వారి మైదానంలో ఒకే ఆట నేర్చుకున్నారు.

నగరంలో సాధించిన కీర్తి వారిని భారత జట్టు శిక్షకపదవికి చేర్చింది. 1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో శైలేన్ మన్నా నాయకత్వాన మన జట్టు ఇరాన్‌ను ఒక్క గోలుతో ఓడించి స్వర్ణపతకం గెలిచింది. గోలు చేసినవాడు మేవాలాల్. కానీ మరుసటి ఏడే పెద్ద దెబ్బ తగిలింది. 1952 జూలైలో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా మనలను పది గోళ్ళు ఒకటితో ఓడించింది. మనవారిలో పలువురు ఉత్తకాళ్ళతో ఆడారు. 1948 లండన్ ఒలింపిక్సులో ఉత్తకాళ్ళతోనే ఫ్రాన్సుకు గట్టి పోటీ ఇచ్చి రెండు గోళ్ళు ఒకటితో మాత్రమే ఓడిన గర్వం మనవారికి ఉండెను. ఫిన్లాండు చలిలో, తడిసిన పచ్చికపై ఆ గర్వం జారిపడింది. ఆ పరాజయం తరువాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

అంత ఓటమి పొందిన శిక్షకుడు మరొకరైతే ఆట మాని ఇంట కూర్చుండేవారు. రహీం గారు ఓటమిని పాఠ్యపుస్తకంగా తెరిచారు. మనవారు ఆడే పాతపద్ధతిలో వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు ఉండేవారు. ఎదుటివారు మెరుపు వేగంతో దాడి చేస్తే వెనుకనున్న ఇద్దరు ఏమి చేయగలరు? ఆనాడు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన హంగరీ జట్టు తన మధ్య ఫార్వర్డును కొంత వెనుకకు దించి ఆడించేది. ఆ ఆటను రహీం గారు శ్రద్ధగా గమనించారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు ఉండే ఏర్పాటును, 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ లోకప్రసిద్ధం చేయకముందే, మనవారికి అలవాటు చేశారని క్రీడాచరిత్రకారులు చెబుతారు.

ఆ కృషికి ఫలం 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో కనిపించింది. సమర్ బెనర్జీ నాయకుడు. ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను మనవారు నాలుగు గోళ్ళు రెండుతో ఓడించారు. అందులో మూడు గోళ్ళు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్ళు చేసిన మొదటి ఆసియావాసి ఆయన. సెమీఫైనలులో యుగోస్లావియాతోనే మళ్ళీ తలపడవలసి వచ్చింది. నాలుగేండ్ల క్రిందట పది గోళ్ళు తిన్న జట్టు ఈసారి మొదటి గోలు తానే చేసింది. చివరకు నాలుగు గోళ్ళు ఒకటితో ఓడినా ఆ ఒక్క గోలు విలువ ఎంతటిదో ఊహించండి. కాంస్యపతకం పోటీలో బల్గేరియా గెలిచింది. మనకు నాలుగవ స్థానం దక్కింది. ఒలింపిక్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ, పెరూ చేతుల్లో ఓడినా ఫ్రాన్సుతో సమానంగా నిలిచారు. అప్పటినుండి భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్సు గడప తొక్కలేదు.

రహీం గారి జీవితంలో చివరి ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే వారి శరీరంలో క్యాన్సర్ ప్రవేశించింది. అటు జకార్తాలో పరిస్థితి కూడా ప్రతికూలమే. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఇండోనేషియా రానీయకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి జి.డి. సోంధీ విమర్శించగా, అక్కడి ప్రజలు మన బృందం మీద ఆగ్రహించారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోళ్ళతో ఓడించింది. తరువాత థాయిలాండును, జపానును గెలిచారు. కానీ రక్షకపంక్తికి వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గాయపడిన వానిని కూర్చోబెట్టక, వెనుక నిలిపి ప్రమాదానికి గురిచేయక, రహీం గారు ఆయనను ముందుకు తెచ్చి మధ్య ఫార్వర్డుగా ఆడించారు. దక్షిణ వియత్నాంపై మూడు గోళ్ళు రెండుతో నెగ్గిన సెమీఫైనలులో ఆయన గోలు చేశారు.

చివరి పోటీకి ముందురోజు రాత్రి రహీం గారు ఆటగాళ్ళను దగ్గరకు పిలిచి, తమకు స్వర్ణపతకం కానుకగా ఇమ్మని కోరారని చెబుతారు. సెప్టెంబరు 4వ తేదీన సుమారు లక్షమంది ప్రేక్షకులు. వారిలో దాదాపు అందరూ మనవారికి వ్యతిరేకంగా కేకలు వేశారు. మన పక్షాన నినదించిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టువారు ఉండడం విశేషం. ఎదుట నిలిచింది మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. ఇరవై నిమిషాలలోపే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. జ్వరంతో బాధపడిన పీటర్ తంగరాజ్, మన హైదరాబాదు బిడ్డ, గోలు ముందు గోడవలె నిలిచారు. చివరి నిమిషాలలో కొరియా ఒక్క గోలు మాత్రమే తిరిగి ఇవ్వగలిగింది. చునీ గోస్వామి నాయకత్వాన భారతదేశం రెండవసారి ఆసియా స్వర్ణం అందుకున్నది. శిష్యులు గురుదక్షిణ చెల్లించారు.

స్వదేశానికి వచ్చిన కొద్దికాలానికే రహీం గారు మంచం పట్టారు. 1963 జూన్ 11వ తేదీన, యాభై నాలుగేండ్లు నిండకముందే కన్నుమూశారు. వారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్ బృందంలో సభ్యులై, వాయుసేనలో పనిచేసి, అంతర్జాతీయ రెఫరీగా పేరొంది 2021లో మరణించారు. రహీం గారు తీర్చిన బాటలోనే హైదరాబాదు నుండి సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ వంటివారు వచ్చి 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం తెచ్చారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం లేదు. 2024లో వచ్చిన ఒక హిందీ చలనచిత్రం రహీం గారి పేరును మళ్ళీ జనుల నోట పలికించింది. ఆరు దశాబ్దాల పాటు ఆ మహనీయుని మరచిన మన నిర్లక్ష్యానికి ఆ చిత్రం ఒక మందలింపు కూడా.

ఈ జీవితం మనకు నేర్పేదేమిటి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పల్లెలనుండి వచ్చే మన విద్యార్థులలో పలువురు మంచి బూట్లు కొనలేరు. ఖరీదైన చొక్కా వీపున విదేశీయుని పేరు వ్రాయించుకునేవారూ ఉన్నారు, ఆ చొక్కాను దూరంనుండి చూసి తృప్తిపడేవారూ ఉన్నారు. అమ్ముగూడ బాలునికి సైకిలు అద్దె ఇచ్చిన చేయి వంటి చేయి ఒకటి ప్రతి కళాశాలలో ఉండాలి. కళాశాల కమిటీ పెద్దలకు మా వినయపూర్వక విన్నపం ఇది: ఏటేటా ఆగస్టు 17వ తేదీన ఇరుగుపొరుగు పాఠశాలల పిల్లలకు ఒక చిన్న ఫుట్‌బాల్ పోటీ పెట్టండి. అందులో ఒక ఆట రహీం గారి నియమంతో, అలవాటులేని కాలితో ఆడించండి. ఖర్చు నాలుగు బంతులు, కొద్ది జతల బూట్లు.

ఇక విద్యార్థి మిత్రులారా, మైదానపు గట్టున మీ వాదాలను మానవద్దు. ఎర్రచొక్కాను, తెల్లచొక్కాను నిరభ్యంతరంగా ప్రేమించండి. అయితే ఈసారి పంతానికి దిగినప్పుడు, కలకత్తా కోటలను గెలిచిన హైదరాబాదు పోలీసు జట్టు పేరు కూడా ఒకసారి ఎత్తండి. ఆపై గట్టు దిగి, మైదానంలోకి నడవండి.